బస్తాకు సెలవు చీటీ

విద్యావల్లరి స్కూల్లో ఆ ఏడు పిల్లల ప్రాణాలకు విలువ వచ్చింది. అంతకుముందు లేదని కాదు, రిజిస్టరు లేదు.

కరెస్పాండెంట్ గారు వేసవి సెలవుల్లో ఏదో చల్లని దేశం చూసి వచ్చారు. అక్కడ కారులో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోరని, వాళ్లకు విడిగా చిన్న సీటు ఉంటుందని, దాన్ని కారు సీటుకు బిగించి, పిల్లను అందులో పెట్టి భుజాల మీదుగా బెల్టులు వేస్తారని కళ్లారా చూశారు. సంగతి మంచిదే. అయితే మంచి సంగతి ఒకటి మన చేతికి చిక్కితే దానికి ముందుగా ఒక విభాగం, తర్వాత ఒక కన్వీనరు, ఆపైన ఒక రబ్బరు స్టాంపు కావాలి. స్కూలు తెరిచిన వారానికల్లా మూడూ వచ్చాయి. విభాగం పేరు ‘బాలప్రయాణ భద్రతా విభాగం’. కన్వీనరు ముక్తేశ్వరరావు గారు. ఆయన తహసీల్దారు ఆఫీసులో ముప్పైనాలుగేళ్లు పనిచేసి, ఏ కాగితాన్నీ మొదటిసారి తెచ్చినప్పుడు పుచ్చుకోకుండా రిటైరైన మనిషి.

మొదటి సర్క్యులర్ పిల్లల డైరీల్లో అంటించి ఇంటికి పంపారు. “ఇందుమూలముగా తల్లిదండ్రులకు తెలియజేయడమేమనగా, ఇరుగుపొరుగువారు కలిసి ఒకే కారునందు పంపు పిల్లలు విధిగా సురక్షిత సీటునందే కూర్చొనవలెను. సదరు సీటు విభాగమునందు నమోదు కావలెను. నమోదైన సీటు గల కారునందు, సీటు వెలుపల ఏ పిల్లయు కూర్చొనరాదు.”

స్కూలు బస్సుకు ఈ నియమం లేదు. బస్సులో నలభై సీట్లు, డెబ్బైమంది పిల్లలు. సీటే దొరకని పిల్లకు సురక్షిత సీటు నియమం ఎలా వర్తిస్తుందని ముక్తేశ్వరరావు గారే ఎదురు అడిగారు. ఆటోలకూ లేదు. ఆటో కారు కాదు గనక, కారు కానిదాంట్లో కార్ సీటు ఉండదు గనక.

ఆ సర్క్యులర్ చదివి సంతోషించిన తండ్రి ఊరు మొత్తం మీద బహుశా ఒక్కడే. అతని పేరు లోవరాజు. సామర్లకోట దగ్గర రైస్ మిల్లులో కాటా గుమాస్తా. లారీ ఖాళీగా వచ్చినప్పుడొకసారి, లోడుతో వెళ్లేటప్పుడొకసారి తూచి, రెండింటికీ తేడా రాసి చీటీ ఇవ్వడం అతని పని. వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు కావడంతో అచ్చులో ఉన్న ఏ కాగితాన్నైనా మర్యాదగా రెండుసార్లు చదువుతాడు. కూతురు చిన్ని యూకేజీ. తెల్లారి ఆరింటికి మిల్లు డ్యూటీ అతనికి, ఎనిమిదింటికి అంగన్‌వాడీ డ్యూటీ భార్య మంగవేణికి. స్కూలేమో పదకొండు కిలోమీటర్లు. అందుకని పక్కింటి సుందరకుమారి గారు బ్యాంకుకు వెళ్తూ, తన కొడుకు అభితో పాటు చిన్నినీ తన కారులో దింపి పోతుండేవారు.

పోయిన దసరాకి ముందు ఆ కారుకు గేదె అడ్డొచ్చింది. సుందరి గారు బ్రేకు తొక్కారు. కారు ఆగింది, గేదె ఆగింది, వెనకాల కూర్చున్న చిన్ని ఆగలేదు. ముందు సీటు కొట్టుకుని కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి లోవరాజుకి అలాంటి సీటొకటి కొనాలని మనసులో ఉంది. పరాయివాళ్ల కారులో మన సీటు బిగిస్తామంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నాడు. ఇప్పుడు స్కూలే బిగించమంది.

ఆదివారం కూతుర్ని తీసుకుని కాకినాడ వెళ్లాడు. షాపులో ఉన్న ప్రతి సీట్లోనూ చిన్నిని కూర్చోబెట్టాడు. బెల్టు మెడను రాస్తోందా, భుజం మధ్యలోంచి పోతోందా చూశాడు. తల సీటు పై అంచు దాటుతోందా చూశాడు. బకిల్ పెట్టి, వేలు దూరుతుందో లేదో చూసి, గట్టిగా ముందుకు లాగి చూశాడు. సీటు కింద అంటించిన కాగితాలు చదివాడు. సేల్స్ అమ్మాయి కాసేపు ఓపిక పట్టి, సీటు కొంటున్నారా లారీని కాటా వేస్తున్నారా అని అడిగింది. రెండూ ఒకటేనమ్మా అన్నాడతను. చివరికి ఒక సీటు తేలింది. పదిహేను కిలోల నుంచి ముప్పైఆరు కిలోల దాకా పనికొస్తుంది. చిన్ని పదిహేడున్నర. బెల్టు సరిగ్గా భుజం మధ్యలోంచి పోయింది. చిన్ని అందులోనే కూర్చుని దిగనంది.

ముక్తేశ్వరరావు గారు ఆ సీటును చూసి, గోడ మీది పట్టికను చూసి, తల అడ్డంగా ఊపారు. యూకేజీకి ఎదురుగా ‘బి’ వర్గం అని ఉంది. ‘బి’ అంటే పద్దెనిమిది కిలోల వరకు. ఇది ‘సి’.

“అమ్మాయి ఇప్పటికే పదిహేడున్నరండి. ఇంకో రెణ్ణెల్లలో పద్దెనిమిది దాటేస్తుంది. అప్పుడా బి సీటు చాలదండి” అన్నాడు లోవరాజు.

“దాటునని నువ్వెలా నిర్ణయించావు?”

“పిల్ల కదండీ. పెరుగుద్ది.”

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. “చూడు బాబూ. పట్టికలో తరగతికి కాలమ్ ఉంది, వర్గానికి కాలమ్ ఉంది. పెరుగుదలకు కాలమ్ లేదు. కాలమ్ లేనిదాన్ని నేనెక్కడ రాయను?”

లోవరాజు సీటు వెనక్కి తీసుకెళ్లి ‘బి’ తెచ్చాడు. స్కూలు వంటగదిలో బియ్యం తూచే కాటా మీద చిన్నిని నిలబెట్టారు. పదిహేడు కిలోల ఆరువందల గ్రాములు. ఆ అంకె సీటు వెనకాల అంటించి స్టాంపు వేశారు. ఆ అంకెకు అటూ ఇటూ నాలుగువందల గ్రాముల తేడాను విభాగం దయతో సహిస్తుంది. సీటును విద్యాసంవత్సరం మధ్యలో మార్చడానికి వీల్లేదు.

ఆ తర్వాత ప్రతి సోమవారం గేటు దగ్గర కార్‌పూల్ పిల్లలకు తూకం. మొదటి నెలంతా సరదాగా గడిచింది. చిన్ని కాటా ఎక్కి తన బరువు తనే చదివేది. ఆగస్టు రెండో సోమవారం ముల్లు పద్దెనిమిది మీద ఆగకుండా ఇంకో గీత ముందుకు పోయింది. సాయంత్రం డైరీలో నోటీసు వచ్చింది. “సదరు బాలిక తనకు అనుమతించబడిన బరువును ఉద్దేశపూర్వకముగానో అలక్ష్యముచేతనో అతిక్రమించినట్లు విభాగము దృష్టికి వచ్చినది. వారము దినములలో యథాస్థితికి రానియెడల సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

మంగవేణి నోటీసు చదివి, పొద్దున్నే పిల్లకు గ్లాసుడు పాలు పోసింది తనే కాబట్టి దోషం తనదేనంది. అంగన్‌వాడీలో పిల్లల బరువు పెరగలేదని పై అధికారులు ఆమెను తిడతారు. ఇక్కడ పెరిగిందని తిడుతున్నారు. రెండు చోట్లా రిజిస్టరు మాత్రం ఒకే కంపెనీది.

ఇలాంటి నోటీసులు ఆ నెలలో చాలామందికే వచ్చాయి. ఆదివారం రాత్రి అన్నం మానిపిస్తే సోమవారం ముల్లు దిగుతుందని మొదట కనిపెట్టిన తల్లి ఎవరో తెలీదు గాని, రెండు వారాల్లో అది అందరి ఆచారమైంది. సోమవారం ఉపవాసం శివుడికనుకున్నారు చుట్టుపక్కలవాళ్లు. కొందరు ఆముదం పట్టించారు. కొందరు గుండు కొట్టించి, తిరుపతి మొక్కని చెప్పారు. తక్కువ బరువున్న పిల్లల అవస్థ ఇంకోరకం. ఎల్‌కేజీలో ఒక పిల్లవాడు జేబులో కిలో రాయి పెట్టుకుని కాటా ఎక్కి, దిగేటప్పుడు నిక్కరు జారి పట్టుబడ్డాడు. వాడిని అసెంబ్లీలో నిలబెట్టి నిజాయితీ గురించి ఒక టీచరు చేత మాట్లాడించారు.

చిన్నికి ఆదివారం రాత్రి అన్నం పెట్టకపోవడం లోవరాజుకి రెండు వారాలు సాగింది. మూడోవారం పిల్ల సోమవారం ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. అతను మిల్లులో పర్మిషన్ పెట్టి సంజాయిషీకి వెళ్లాడు.

విభాగం మొత్తం కూర్చుని ఉంది. మధ్యలో ముక్తేశ్వరరావు గారు, ఒక పక్క కరెస్పాండెంట్ గారు, ఇంకో పక్క రిజిస్టరు. లోవరాజు నిలబడే మాట్లాడాడు. పిల్లలు పెరగడం తప్పు కాదని, సీటు పెద్దది పెడితే సరిపోతుందని, తను మొదట తెచ్చింది అదేనని చెప్పాడు. కరెస్పాండెంట్ గారు ఓపిగ్గా విని, పిల్ల భద్రత కోసమే కదా ఇదంతా అన్నారు. ముక్తేశ్వరరావు గారు ఇంకాస్త విడమరిచారు. సీటు స్థిరం. నియమం స్థిరం. స్థిరంగా లేనిది పిల్ల ఒక్కతే. మూడింటిలో ఏది దారికి రావాలో కాస్త చదువుకున్న మనిషి ఆలోచించుకోవాలి.

లోవరాజుకి ఒళ్లు మండింది. పదేళ్లుగా కాటా దగ్గర కూర్చున్న మనిషి, మాట జారింది.

“మారని బరువే కావాలంటే ఆ సీట్లో ఇసక బస్తా పెట్టుకోవాలండి. పిల్లని కాదు.”

తనను బయటికి పొమ్మంటారనుకున్నాడు లోవరాజు. ముక్తేశ్వరరావు గారు మెల్లగా కలం మూత తీశారు.

“మళ్లీ ఒకసారి సెలవియ్యండి” అన్నారు. అంతకుముందు ఆయన అతన్ని ‘అండి’ అని పిలవలేదు.

తర్వాతి సర్క్యులర్ అయిదు రోజుల్లో వచ్చింది. పథకం పేరు ‘ప్రామాణిక భారం’. బాలబాలికల బరువు నిలకడలేనిదిగా రుజువైనందున, ఇకమీదట నమోదైన ప్రతి సీటునందు, నమోదైన బరువునకు సరిసమానమగు పొడి ఇసుక బస్తా ప్రయాణించవలెను. బస్తా మూతి కుట్టి సీసపు సీలు వేయించవలెను. పిల్లలు తమకు వీలైన ఇతర మార్గమున రావచ్చును. చివరి పేరాలో, ‘ఈ ఆలోచనకు మూలపురుషులు, యూకేజీ బాలిక తండ్రి, శ్రీ లోవరాజు గారికి’ విభాగం కృతజ్ఞతలు చెప్పుకుంది.

మంగవేణి ఆ పేరా పైకి చదివి భర్త వైపు చూసింది.

“మిమ్మల్ని ఇసక సంగతి ఎవరు చెప్పమన్నారు?”

“వెటకారంగా అన్నానే.”

“వెటకారం మనలాంటోళ్లం మనలో మనం ఆడుకోడానికి. స్టాంపున్నోళ్ల దగ్గరాడితే ఉత్తర్వైపోద్ది.”

బస్తా తయారైంది. పదిహేడు కిలోల ఆరువందల గ్రాములు, గ్రాము తేడా లేకుండా లోవరాజే మిల్లులో తూచి కుట్టాడు. పని చేస్తే సరిగ్గా చేయడం తప్ప ఇంకోలా చేతకాని మనిషి. బస్తా మీద నల్ల రంగుతో చిన్ని పేరు, తరగతి, సెక్షన్ రాశాడు. పొద్దున్నే సుందరి గారి కారులో బస్తాను సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు భుజాల దగ్గరికి లాగి బకిల్ పెట్టారు. బస్తాకు భుజాలు లేవు గాని బెల్టు చక్కగా అమరింది. పక్క సీట్లో అభి బస్తా. సీటు బయట పిల్ల కూర్చోకూడదన్న నియమం అలాగే ఉంది కాబట్టి పిల్లలిద్దరూ నూకరాజు ఆటో ఎక్కారు. ఆటోలో అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. అభిని వెనకాల ఇరికించి, చిన్నిని డ్రైవరు పక్కన ఉండే చెక్క మీద కూర్చోబెట్టారు. ముందు తల్లి కారులో రెండు బస్తాలు, వెనక ఆటోలో కొడుకు. సుందరి గారు మొదటిరోజు అద్దంలో ఆ ఆటోను చూసుకుంటూ పదకొండు కిలోమీటర్లూ ఇరవై దాటకుండా నడిపారట. రెండో రోజు నుంచి అద్దం పక్కకు తిప్పేసుకున్నారు.

స్కూల్లో బస్తాలకు మంచి గౌరవం దొరికింది. అవి మెయిన్ గేటులో దిగుతాయి; ఆటో పిల్లలు వెనక గేటున వస్తారు. బస్తాలు సాయంత్రం దాకా ఉండటానికి లైబ్రరీ ఖాళీ చేసి ఇచ్చారు. ఎండకు ఇసుక బరువు తగ్గుతుందేమోనని కిటికీలకు పరదాలు కట్టారు. కనిపెట్టుకుని ఉండటానికి నర్సరీ నుంచి ఒక ఆయాను తెచ్చి అక్కడ వేశారు. నర్సరీలో పిల్లలు ఏడుస్తారు, బస్తాలు ఏడవవు కాబట్టి ఆయమ్మ ఇటే ఉంటానంది. తన కొడుకు బస్తాకు స్కూలు టై కట్టి పంపిన ఒకావిడకు అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు. మర్నాటి నుంచి టై లేని బస్తా వస్తే ఆ తల్లి గేటు దగ్గర తల దించుకోవలసి వచ్చేది. సెప్టెంబరు ఆఖరున కన్వీనరు గారు నివేదిక చదివారు. పథకం మొదలైన నాటి నుంచి నమోదైన సీట్లలో ఒక్క గాయం కూడా లేదు. ఒక్క వాంతి కూడా లేదు. కరెస్పాండెంట్ గారు కళ్లు తుడుచుకున్నారు.

ఆ నివేదిక చదివిన రోజు సాయంత్రమే రైల్వే గేటు మలుపులో, ఎదురొచ్చిన ట్రాక్టరును తప్పించబోయి నూకరాజు ఆటోను ఒక పక్కకు కోశాడు. చెక్క మీద నుంచి చిన్ని జారింది. చేతికి అందింది డ్రైవరు చొక్కా. దాన్ని పట్టుకుని సగం ఆటోలో సగం బయట వేలాడి, ఆటో ఆగాక పైకి లేచింది. ఒక చెప్పు రోడ్డు మీద ట్రాక్టరు కింద పడింది.

“ఏం కాలేదండి బాబూ. చొక్కా గుండీ ఊడిందంతే. పాప గట్టిదండి, పట్టుకుంటే వదల్లేదు” అన్నాడు నూకరాజు, లోవరాజు చేతికి పిల్లనందిస్తూ.

చిన్ని ఇంటికొచ్చాక కూడా గుప్పిట విప్పలేదు. అన్నం తినిపించడానికి మంగవేణి వేళ్లు ఒక్కొక్కటీ విడదీస్తే లోపల గుండీ ఉంది, దారంతో సహా. అప్పటికి సుందరి గారు బస్తాను తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లారు. దాని టై కూడా నలగలేదు.

లోవరాజు మర్నాడు విభాగానికి వెళ్లి ఈ సంగతి చెప్పాడు. ముక్తేశ్వరరావు గారు చాలా బాధపడ్డారు. అయితే ఆటో విభాగం పరిధిలోకి రాదన్నారు. బస్తాకేమైనా అయితే చెప్పండి, తక్షణం చర్య తీసుకుంటామన్నారు.

మిల్లు మానేసి పిల్లను తనే దింపుదామంటే ఇల్లు గడవదు. స్కూలు బస్సు వాళ్ల వైపు రాదు. వేరే స్కూల్లో వేద్దామంటే మధ్యలో ఎవరూ చేర్చుకోరు. మోటారు సైకిలు మీద దింపే మనిషి లేడు. అక్టోబరంతా అతను కాటా దగ్గర కూర్చుని లారీలను చూస్తున్నాడే గాని, రైల్వే గేటు మలుపు తప్ప అతని కళ్లకు ఇంకేమీ ఆనలేదు. మంగవేణి రోజూ ఆటో వచ్చే వేళకు వీధిలోకి వచ్చి నిలబడేది. పిల్ల దిగాకే ఊపిరి వదిలేది.

నవంబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. అరుగు మీద ఉన్న బస్తాకు జల్లు కొట్టింది. మిల్లులో పనిచేసేవాడికి తడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. లోవరాజు దాన్ని ఎత్తి చూసి, కాటా లేకుండానే ఇరవై దాటిందనుకున్నాడు. స్కూల్లో తూస్తే ఇరవై కిలోల మూడువందలు వచ్చింది.

ముక్తేశ్వరరావు గారి మొహం పాలిపోయింది. బస్తా కూడా పెరుగుతుందని ఆయన కలలో అనుకోలేదు.

“ఆరబెట్టండి.”

“ముసురండి. ఎండెప్పుడొస్తుందో తెలీదు.”

“ఆరేంతవరకు ఈ బస్తా ప్రయాణానికి పనికిరాదు. నిబంధనలకు విరుద్ధం.”

“అలాగేనండి. మరి సీటో?”

“బస్తా లేని సీటు కదలరాదు. ఇంటియందే ఉండి తీరవలెను.”

లోవరాజు ఈసారి తొందరపడదలచుకోలేదు. తల వంచుకుని, చేతులు కట్టుకుని, ఎంతో అణకువగా అడిగాడు.

“నమోదైన సీటే లేకపోతే, ఆ కారు మరి మామూలు కారేనాండి?”

“మామూలు కారే. దానితో విభాగమునకు ఏమి సంబంధం?” అన్నారాయన, తన తెలివిని తక్కువగా అంచనా వేసినందుకు కాస్త చిరాకుపడుతూ. “ముందు బస్తాకు సెలవు చీటీ రాసివ్వండి. రికార్డు ఉండాలి.”

లోవరాజు అక్కడే నిలబడి రాశాడు. “గౌరవనీయులైన కన్వీనరు గారికి. యూకేజీ ఎ సెక్షన్, పదిహేడు కిలోల ఆరువందల గ్రాముల బస్తాకు తడి తగిలినందున, ఒంట్లో నీరు చేరి బరువు నిలకడగా లేనందున, పూర్తిగా ఆరేవరకు సెలవు మంజూరు చేయ ప్రార్థన.” ముక్తేశ్వరరావు గారు రెండుసార్లు చదివి, భాష బావుందని మెచ్చుకుని, మంజూరు చేశారు. తన బస్తాకూ అదే జబ్బని సాయంత్రం సుందరి గారు కూడా చీటీ తెచ్చారు. వాళ్ల బస్తా మేడ మీద వానలోకి ఎలా వెళ్లిందో ఎవరూ అడగలేదు.

లోవరాజు ఆ రోజే కాకినాడ వెళ్లాడు. అదే షాపు, అదే అమ్మాయి. అయిదు నెలల కిందట వెనక్కి ఇచ్చిన రకం సీటు మళ్లీ తెచ్చుకున్నాడు. మర్నాడు మిల్లులో డ్యూటీ మార్చుకుని, సుందరి గారి కారులో దాన్ని బిగించి, మోకాలు పెట్టి నొక్కి, కదిపి చూశాడు. చిన్నిని కూర్చోబెట్టాడు. పిల్లకిప్పుడు పంతొమ్మిది దాటింది. బెల్టు ఒక మెట్టు పైకి జరిపితే భుజం మధ్యలోంచే పోయింది. అభికి వాళ్లమ్మ ఇంకోటి తెచ్చింది. కారు మెయిన్ గేటు దగ్గర ఆగగానే ముక్తేశ్వరరావు గారు గొడుగుతో అడ్డొచ్చారు.

“ఈ సీట్లు ఏ రిజిస్టరులోవి?”

“ఏ రిజిస్టరులోవీ కాదండి.”

“ఈ పిల్లలు?”

“వీళ్లూ లేరండి. మీ రిజిస్టరులో ఉన్నవి బస్తాలండి. రెండూ సెలవులో ఉన్నాయి.”

ఆయన వానలోనే రిజిస్టరు తెప్పించి, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తిప్పారు. సీటు నంబరు ఉంది. బస్తా బరువు ఉంది. సీలు వేసిన తేదీ ఉంది, టై ఉందా లేదా అన్న కాలమ్ కూడా ఉంది. పిల్లకు కాలమ్ లేదు. ఆయన ఎంతటివారైనా కాలమ్ లేనిదాన్ని ఆపే మనిషి కాదు. గొడుగు పక్కకు తీశారు.

ఆ సంగతి గేటు దగ్గర ఉన్న కార్లన్నీ చూశాయి.

మర్నాడు తొమ్మిది బస్తాలకు తడి తగిలింది. ఆ మర్నాడు ముప్పైఒకటి. శనివారానికి లైబ్రరీలో నిలబడగలిగిన బస్తా ఒక్కటీ లేదు. సెలవు చీటీలు డెబ్బైఆరు. వాయుగుండం ఒడిశా వైపు వెళ్లిపోయి రెండు రోజులైంది, ఎండ కూడా కాస్తోంది, అయినా జబ్బు తగ్గలేదు. ముక్తేశ్వరరావు గారు చీటీలన్నీ వరసగా పేర్చి చూశారు. ఇన్నిటికీ ఒకే వారంలో, ఒకే లక్షణాలతో రావడానికి కారణం ఒకటే కనిపించింది. అవన్నీ ఒకే గదిలో కలిసి ఉన్నాయి. ఆయన ఒక నిశ్చయానికి వచ్చి అత్యవసర సమావేశం పెట్టించారు.

అప్పుడొచ్చిన సర్క్యులర్ ఆ ఏడాదిలో అన్నిటికన్నా పొడుగుది. బస్తాల మధ్య అంటువ్యాధి ప్రబలినట్లు విభాగము గుర్తించినది. తదుపరి ఉత్తర్వుల వరకు బస్తాలన్నియు తమ తమ ఇండ్లయందే విడివిడిగా ఉండవలెను. నమోదైన సీట్లు కదలరాదు. లైబ్రరీకి సున్నం వేయించి, ఆయాకు పదిరోజులు సెలవిచ్చారు. తరగతులు మాత్రం యథావిధిగా జరుగుతాయి, ఎందుచేతననగా పిల్లలలో వ్యాధి లక్షణములు లేవు.

సోమవారం పొద్దున లోవరాజు మళ్లీ డ్యూటీ మార్చుకుని కారులో వచ్చాడు. బకిల్ ఒకటి బిగుసుకుంటోందని సుందరి గారు చెప్పడంతో దారిలో చూసుకుందామనుకున్నాడు. గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క కారు తలుపు తెరుచుకుంటోంది. లోపల పిల్లలు బెల్టుల్లో కూర్చుని ఉన్నారు. ఎవరికి సరిపడే సీటు వాళ్లకుంది. చాలామంది జూన్‌లోనే ఎంచుకుని, పట్టికలో లేదని ఇంట్లో దాచుకున్నవే. తల్లులు బకిళ్లు నొక్కి పిల్లల్ని దించుతున్నారు. కొందరికి దిగడం ఇష్టం లేదు.

గేటు పక్కన బల్ల వేసుకుని ముక్తేశ్వరరావు గారు రిజిస్టరు ముందు కూర్చున్నారు. డెబ్బైఆరుమంది పిల్లలు ఆయన బల్లను రాసుకుంటూ లోపలికి పోయారు. ఒకడి వాటర్ బాటిల్ తగిలి ఇంకుప్యాడ్ కింద పడితే ఆయనే వంగి తీసుకున్నారు. బెల్లు కొట్టాక కలం తీసి రాశారు: “వచ్చిన బస్తాలు: లేవు. ఈ దినము ప్రయాణములు జరుగలేదు. అందుచేత ప్రమాదములును లేవు.”

చిన్ని దారిలోనే నిద్రపోయింది. తల సీటు పక్క దిండుకు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. లోవరాజు బకిల్ నొక్కితే సులువుగానే వచ్చింది. పిల్లను లేపడం ఇష్టం లేక అలాగే ఎత్తుకుని గేటులోకి నడిచాడు.

ముక్తేశ్వరరావు గారు అతన్ని చూసి పిలిచారు. పేజీ అడుగున సాక్షి సంతకం ఖాళీగా ఉందట. పథకానికి మూలపురుషుడు పెడితే బాగుంటుందట. లోవరాజు అచ్చులో ఉన్నదాన్నీ, చేత్తో రాసినదాన్నీ అలవాటు ప్రకారం రెండుసార్లు చదివాడు. తర్వాత చిన్నిని ఎడమ భుజం మీదికి మార్చుకుని, కుడిచేత్తో కలం అందుకుని, ఆ రోజు ఎవరూ రాలేదని సంతకం పెట్టాడు.